ఆకాశానికి పెరోల్ లేని చోట

నాగపూర్ సెంట్రల్ జైలులో ఐదు ఇనుప గేట్లు దాటితే అండా సెల్. గుడ్డు ఆకారంలో కట్టారు గనక ఆ పేరు. కిటికీ ఉండదు. చెట్టు కొమ్మ కనపడదు, పిట్ట రెక్క కనపడదు. పున్నమి వచ్చిందో అమావాస్య పోయిందో ఆ గోడలకు తెలియదు. వెలుతురు కూడా తాళం తీసినప్పుడే జంకుతూ లోపలికొచ్చి, ఖైదీల లెక్క ముగియగానే వార్డరు వెనకాలే వెళ్లిపోతుంది. లోకమంతటికీ పొద్దు పంచే సూర్యుడా, ఆ గుమ్మం దగ్గర నీకు ములాఖత్ ఎందుకు దొరకలేదయ్యా!

ఆ రాతి గర్భంలోకి మన అమలాపురం బిడ్డ చేరాడు. గోకరకొండ నాగ సాయిబాబా. ఐదో ఏట పోలియో కాళ్లను కాజేస్తే, అమ్మ సూర్యవతి చంకనెత్తుకుని బడికి మోసింది. ఆ మోతే ఆయన్ని ఢిల్లీ దాకా చేర్చి, రామ్‌లాల్ ఆనంద్ కళాశాలలో ఇంగ్లిషు అధ్యాపకుణ్ణి చేసింది. 2017 మార్చి 7న గడ్చిరోలి కోర్టు, మావోయిస్టులతో సంబంధాలున్నాయంటూ యావజ్జీవం వేసింది.

తొంభై శాతం వైకల్యమున్న దేహం అది. చక్రాల కుర్చీ మరుగుదొడ్డి గడప దగ్గరే ఆగిపోతుంది. తోటి ఖైదీలు ఎత్తి కూచోబెట్టాలి, ఎత్తి స్నానం చేయించాలి, ఎత్తి పక్క మీద వేయాలి. చిన్ననాడు అమ్మ మోసిన ఒంటిని, ఏ తల్లులు కన్న బిడ్డలో, ఆ చీకటి గూట్లో మోశారు. వాళ్ల నేరాలేమిటో నాకు తెలియదు. ఆ చేతులకు మాత్రం దణ్ణం పెట్టాలి.

నాగపూర్ మే నెల నిప్పుల వాన. బరువైన పాత్ర ఎత్తలేని చేతికి ఒక ప్లాస్టిక్ సీసా కావాలన్నారాయన. ఇవ్వలేదు. ఉరికంబానికి జంకని జైలు నీళ్ల సీసాకు జడిసింది! 2022 మేలో మరుగుదొడ్డి, స్నానం కూడా కనపడేలా సెల్లో కెమెరా బిగించారు. కాళ్లు కదలని మనిషి ఎక్కడికి పారిపోతాడని? మిగిలిన ఆ కాస్త సిగ్గునూ కాపాడుకోవడానికి ఆయన అన్నం మానేశారు.

ఇక ఉత్తరాలు. ఇంటి నుంచి వచ్చేవి తెలుగులో ఉంటే కుదరదన్నారు. గోదారి నీళ్లతో నాలుక తడిసిన భార్యాభర్తలు ఒకరి బెంగ ఒకరికి ఇంగ్లిషులో చెప్పుకున్నారు. బెంగకు పరాయి లిపి తొడిగి, సెన్సారు చేతికిచ్చి, ముద్ర పడే దాకా ఎదురుచూడటం! ములాఖత్‌కు తల్లి వస్తే ఇద్దరి నడుమా అద్దం. కన్నబిడ్డ బుగ్గ తడమబోయిన వేళ్లకు చల్లటి పలక తగిలితే, గోదారమ్మా, ఆ వేళ నీకు వరద ఎందుకు రాలేదు?

2020 ఆగస్టు 1న సూర్యవతమ్మ కేన్సరుతో హైదరాబాదులో కన్నుమూసింది. కడసారి చూపుకు పెరోల్ ఇవ్వలేదు. కర్మకాండకూ ఇవ్వలేదు.

అదే కేసులో శిక్ష పడ్డ ఆదివాసీ యువకుడు పాండు నరోటే 2022 ఆగస్టులో జ్వరంతో ఖైదీగానే పోయాడు. రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబరు 14న, బొంబాయి హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. మర్నాడు శనివారమైనా సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును ఆపింది. హైకోర్టు మళ్లీ నిర్దోషి అనేసరికి 2024 మార్చి 5. శిక్ష పడిన తేదీ నాడే, సరిగ్గా ఏడేళ్లకు, చక్రాల కుర్చీ గేటు దాటింది. ఆ అక్టోబరు 12న, యాభై ఏడేళ్లకు, నిమ్స్ ఆసుపత్రిలో ఆయన ఊపిరి ఆగింది.

అండా సెల్ మాత్రం అక్కడే ఉంది. నడవలేని ఖైదీకి కుర్చీ పట్టే మరుగుదొడ్డి, తాగడానికి ఒక సీసా, అమ్మ భాషలో ఒక ఉత్తరం ఇవ్వమని అడగడానికి ఎవరూ ఆయన రాజకీయాలతో ఏకీభవించనక్కర్లేదు.