కరెంటు తక్కువొచ్చి కాలిన మోటారు

మన ఊళ్లలో అన్నిటికీ కరెంటు ఒక్కటే మాట. స్తంభం మీదున్నదీ కరెంటే, ముట్టుకుంటే కొట్టేదీ కరెంటే, నెలనెలా కట్టేదీ కరెంటే. ఆ ఒక్క మాటలో మూడు సంగతులు ఇరుక్కున్నాయని నాకు పదమూడో ఏట మోటారు రివైండింగ్ షాపులో తెలిసింది.

మాది 5 హెచ్‌పీ మోటారు. వార్నిషు మాడిన వాసనతో బల్ల మీదికెక్కింది. "కరెంటు తక్కువొచ్చి కాలిపోయింది" అన్నాడు నాన్న. తక్కువొస్తే నెమ్మదిగా తిరగాలి గానీ, కాలడమేమిటి? నా సందేహానికి మెకానిక్ మామ నవ్వాడు.

"అల్లుడూ, ఒక కుప్ప కంకర గంటలో మొయ్యాలనుకో. గంప పెద్దదైతే పది తిరుగుళ్లు, చిన్నదైతే ఇరవై. గంప సైజు ఓల్టేజీ, గంటకు ఎన్ని తిరుగుళ్లన్నది ఆంప్స్. రెండూ కలిసి గంటకు మోసే పని వాట్లు."

ఇంతకంటే తేటగా నాకు బళ్లో ఎవరూ చెప్పలేదు. ఇంటి మీటరు లెక్కించేది మొత్తం మోసిన కంకరను: వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. త్రీ ఫేజు లైనులో 415 ఓల్టులుంటే మా మోటారు సుమారు ఏడున్నర ఆంప్స్ లాగుతుంది. ఓల్టేజీ 300కు పడిపోయినా బావిలో నీళ్లు మాత్రం అదే ఎత్తుకు తోడాలి కదా. గంప చిన్నదయింది, తిరుగుళ్లు పెరిగాయి. ఆంప్స్ పది దాటుతాయి.

దారి అరిగేది గంపతో కాదు, కాళ్లతో. వైండింగు రాగి తీగ కూడా అంతే, ఆంప్స్‌కే వేడెక్కుతుంది. అదీ మామూలుగా కాదు: ఆంప్స్ రెండింతలైతే వేడి నాలుగింతలు. 1840ల మొదట్లో ఈ లెక్క తేల్చిన జూల్, ఇంగ్లండులో బీరు కాచే ఇంటి బిడ్డ. మా మామ ఆయన పేరు విని ఉండడు. కాలిన తీగ రంగు చూసి మాత్రం ఏ ఫేజు పోయిందో చెప్పేవాడు.

మరి కాలకముందే ఆపేది లేదా? ఉంది. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది. ఆంప్స్ పెట్టిన గీత దాటి కాసేపు నిలిస్తే మోటారును ఆపేస్తుంది. వేసవిలో అది మాటిమాటికీ పడిపోతుంటే, రాత్రిపూట చేనికి పోవడానికి విసుగొచ్చి గీత పైకి జరిపేసేవాళ్లు చాలామంది.

మామ పాత తీగ కోస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు: "రిలే ఎంత మీద పెట్టావు బావా?"

నాన్న బీడీ వెతుక్కుంటూ బయటికి నడిచాడు.