తెనాలి వారి అంచనా

సంక్రాంతి సినిమాల తేదీలు ఖాయమయ్యాయంటే తెనాలి, బాపట్ల, రేపల్లె టీ కొట్ల దగ్గర స్నేహితుల మధ్య పందేలు మొదలవుతాయి. బయ్యరు ఎంతకు కొన్నాడు, ఓపెనింగ్ ఎంత వస్తుంది, పండగ వెళ్లాక సోమవారం హాలు నిండుతుందా... అన్నీ లెక్కేస్తారు. అయినా 2025లో అందరికన్నా చివర వచ్చిన ‘సంక్రాంతికి వస్తున్నాం’ ముందొచ్చిన భారీ సినిమాలను దాటేసింది. ఆ ఏడు పందెం టీల ఖర్చు ఎవరెవరి మీద పడిందో!

ఈ అంచనాల విద్యలో తెనాలికి ఒక పెద్దాయన ఉండేవారు. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు, లోకానికి చక్రపాణి. శరత్ బెంగాలీ నవలలను తెనిగించిన చెయ్యి, నాగిరెడ్డితో కలిసి విజయా సంస్థను నడిపిన బుర్ర. ఆయన అంచనా నోటితో చెప్పి ఊరుకునేది కాదు, సినిమాలోనే అల్లి ఉండేది. ‘గుండమ్మ కథ’ (1962) చూడండి. ఎన్టీఆర్‌కు అది నూరో సినిమా, పక్కన ఏఎన్నార్, ఎదుట సావిత్రి, జమున. పేరు మాత్రం సూర్యకాంతం పాత్రది! నూరో సినిమాలో హీరోకి నిక్కరు తొడిగి రుబ్బురోలు ముందు కూర్చోబెట్టారు. ఇది సాహసంలా కనిపిస్తుంది గానీ, పక్కా లెక్క. పనివాడు అంజి వేషంలో ఉన్నది ఎవరో హాల్లో అందరికీ తెలుసు, తెలియనిది గుండమ్మకే. కాబట్టి ఆమె వేసే ప్రతి కేకకూ జనం కోపం తెచ్చుకోరు, నవ్వుతారు. సూర్యకాంతం తెర మీద కనబడితేనే గయ్యాళి అని జనం నమ్ముతారు, ఆమెకు ప్రత్యేకంగా గయ్యాళి మాటలు రాయక్కర్లేదని రచయిత డి.వి.నరసరాజుకు చక్రపాణి చెప్పారట. నటి మీద జనానికి అప్పటికే ఉన్న అభిప్రాయాన్ని కథకు పెట్టుబడిగా వాడుకోవడం ఎంత పొదుపైన పనితనం!

విడుదలకు ముందు ఒక పెళ్లి సందర్భంలో ఈ సినిమా చూసిన తోటి సినీజనం పెదవి విరిచారనీ, పిల్లలు మాత్రం హాయిగా ఆనందించారనీ చెప్పుకుంటారు. గెలిచింది పిల్లల తీర్పే.

అన్నీ ఆయన అనుకున్నట్టే జరిగాయని కాదు. ‘షావుకారు’, ‘చంద్రహారం’ డబ్బు తేలేదు. ‘గుండమ్మ కథ’నే తమిళంలో ‘మనిదన్ మారవిల్లై’గా తానే డైరెక్ట్ చేస్తే అదీ ఆడలేదు. తెలుగింటి నాడి పట్టిన చెయ్యికి తమిళింటి నాడి చిక్కలేదని నా అనుమానం.

నాకు అన్నిటికన్నా నచ్చిన అంచనా ఆయన తీసిన సినిమా గురించి కాదు. తెనాలి పక్కనే బుర్రిపాలెం నుంచి వచ్చిన కృష్ణ 1974లో తన నూరో సినిమాగా ‘అల్లూరి సీతారామరాజు’ తీశారు. అది చూసి చక్రపాణి, ఇక కొంతకాలం నిన్ను మామూలు పాత్రల్లో జనం ఒప్పుకోరని అన్నారట. ఓ సినిమా ఆడుతుందా లేదా అని ఎవరైనా చెబుతారు. ఆడిన సినిమా తర్వాతి వాటిని ఎలా దెబ్బతీస్తుందో పట్టడం వేరే స్థాయి. అన్నట్టే కృష్ణకు వరసగా సినిమాలు పోయాయి. 1975లో చక్రపాణి కన్నుమూశారు. కృష్ణ మళ్లీ నిలదొక్కుకున్నది 1976 సంక్రాంతికి, ‘పాడిపంటలు’తో.