మతి తప్పినవాడి అప్పీలు

హత్య చేసినవాడు పిచ్చి సర్టిఫికెట్ ఒకటి సంపాదించి దర్జాగా బయటపడతాడని మన సినిమాలు నమ్మించాయి. అప్పీలు తీర్పులు చదివితే ఆ నమ్మకం నిలవదు. మతి తప్పిందన్న వాదన ఎక్కువసార్లు వీగిపోతుంది. గెలిచిన కేసుల్లో అక్కరకొచ్చినవి పాత మందుల చీటీలు, ఆసుపత్రి రిజిస్టర్లు.

చట్టం అడిగేది సూటి ప్రశ్న. ఆ పని చేస్తున్న సమయంలో, మతిస్థిమితం లేక, తానేం చేస్తున్నాడో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా? పాత భారతీయ శిక్షాస్మృతిలో ఇది 84వ సెక్షన్. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 22వది. దీని పుట్టిల్లు లండన్. 1843లో డేనియల్ మెక్‌నాటన్ అనే అతను ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శిని కాల్చి చంపాడు. మతి లేనివాడని జ్యూరీ వదిలేస్తే పెద్ద గగ్గోలు రేగింది. అప్పుడు ప్రభువుల సభ న్యాయమూర్తులను ప్రశ్నించి రాబట్టిన జవాబులే మన సెక్షన్‌కు ఆధారం. ప్రశ్న జబ్బు ఉందా అని కాదు, ఆ క్షణాన తెలిసిందా అని. అందుకే డాక్టరు రోగి అన్న ప్రతివాణ్ణీ కోర్టు వదలదు. ముక్కోపం, కావాలని తాగిన మత్తు లెక్కలోకే రావు.

ఎవరు రుజువు చేయాలన్నదే అసలు చిక్కు. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు 1964లో దాన్ని విప్పారు. అది భార్యను చంపిన గుజరాత్ కేసు, ఆమె ఒంటిమీద 44 గాయాలు. హత్యను, హత్య చేయాలన్న ఉద్దేశాన్ని నిస్సందేహంగా నిరూపించే బాధ్యత ఎప్పటికీ ప్రాసిక్యూషన్‌దేనన్నారు. మతి సరిగానే ఉందని కోర్టు ముందు అనుకుంటుంది. కాదని చూపాల్సింది ముద్దాయి. అయితే సివిల్ దావాలో చూపేపాటి సాక్ష్యం చాలు. అదీ పూర్తిగా కుదరకపోయినా, ఉద్దేశం ఉందా అన్న సహేతుకమైన అనుమానం మిగిలితే వదిలేయాల్సిందే. అప్పీలు లాయర్లకు ఊపిరి ఈ చివరి మాటే. విచిత్రమేమంటే, ఇంత చెప్పి ఆ ముద్దాయి అప్పీలును మాత్రం ఆయన కొట్టేశారు!

2002లో సుప్రీంకోర్టు వదిలేసిన ఒక మహారాష్ట్ర కానిస్టేబుల్ కేసు చూడండి. భార్య బాత్‌రూములో బట్టలు ఉతుకుతుంటే రుబ్బురాయితో తలమీద కొట్టాడు. పట్టపగలు. పారిపోలేదు, దాచలేదు. కారణం చూస్తే, ఉద్యోగం మానేస్తానంటే ఆమె వద్దంది. ఇంతవరకే అయితే ఓడిపోయేవాడు. పారిపోనంత మాత్రాన, కారణం దొరకనంత మాత్రాన పిచ్చివాడు అనలేమని అదే కోర్టు 1972లో చెప్పింది. ఇతణ్ణి కాపాడినవి కాగితాలు. తండ్రికీ మానసిక జబ్బుంది. ఇతనికి 1992 నుంచే చికిత్స జరుగుతోంది, పారనాయిడ్ స్కిజోఫ్రీనియా అని రాసి ఉంది. హత్య జరిగిన 1994లోనే, హత్య తర్వాత, జూన్ నుంచి డిసెంబరులోపు 25 సార్లు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ముందూ వెనకా ఇంత ఉంటే నడిమి ఘడియ ఎలాంటిదో ఊహించవచ్చు. ఈ వాదనలో పనితనమంతా ఇదే.

పోలీసులకూ ఇందులో బాధ్యత ఉంది. పాత జబ్బు సంగతి దర్యాప్తులో బయటపడితే వైద్యపరీక్ష చేయించి కోర్టు ముందు పెట్టాలని, లేకపోతే ఆ లోపం ముద్దాయికి కలిసొస్తుందని సుప్రీంకోర్టు 2007లోనూ 2018లోనూ చెప్పింది. అయినా ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి చీటీ ఇంట్లో బీరువాలోనే ఉండిపోతుంది, అడిగేవాడుండడు.

గెలిచినవాడు నేరుగా ఇంటికి పోడు. చంపింది అతనే అని తీర్పులో రాసి మరీ వదులుతారు. ఆపైన సురక్షిత నిర్బంధం, లేదా పూచీ ఇచ్చిన బంధువుల సంరక్షణ.

ఇంట్లో మానసిక జబ్బున్న మనిషి ఉంటే ఒక్క చీటీ కూడా పారేయకండి. అరెస్టయితే నకళ్లు దర్యాప్తు అధికారికి ఇవ్వండి, వైద్యపరీక్ష చేయించమని మేజిస్ట్రేటును అడగండి. లాయరుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. కస్టడీలో ఉన్నవారికి లాయరు ఉచితం.