సుత్తి దెబ్బను చదివే చూపు

పాత ఇంగ్లండు వెండి పెన్నీల నిగ్గు తేల్చేవాళ్ల ఓపికకు దణ్ణం పెట్టాలి. మూడో హెన్రీ నాణేన్నే తీసుకోండి. బరువు గ్రామున్నర లోపే. అంచులు కత్తిరించి వెండి కాజేసేవాళ్లకు అడ్డుకట్టగా 1247లో వెనకవైపు సిలువను అంచుదాకా పొడిగించారు. అందుకే ముందు ఆ నాలుగు కొసలూ చూస్తారు. తర్వాత భూతద్దం. సుత్తి దెబ్బకు వెండి పాకిన సన్నటి జాడలు అక్షరాల చుట్టూ వెతుకుతారు. పోతపోసిన నకిలీలో అయితే తరచు బుడగల గుంటలు, అంచున అతుకు గీత బయటపడతాయి. దెబ్బ రెండుసార్లు పడి రాజు ముఖం చెదిరినా తప్పుపట్టరు. రెండు నాణేల మీద అదే గీత, అదే నొక్కు, అదే చోట కనిపిస్తేనే అనుమానం. నాకు అన్నిటికన్నా నచ్చేది, తేలకపోతే తేలలేదని చెప్పి నాణెం తిరిగిచ్చేసే వాళ్ల నిజాయితీ.