ఆధార్ కార్డు చూపించమ్మా

మా కంటి పరీక్షలో పైసా ఖర్చులేని పనిముట్టు పాత ఫోటో. మేడ్చల్, శామీర్‌పేట ఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో ఎవరి రెప్పలైనా మరీ పైకి లేచి కనిపిస్తే, అక్షరాల చార్టు ముందు కూర్చోబెట్టకముందే ఆధార్ కార్డు అడుగుతాను. "చీటీ రాయించుకున్న గద సారూ, మళ్ల కార్డెందుకు?" అంటారు. కార్డులో ముఖాన్నీ ఎదురుగా ఉన్న ముఖాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే సగం సంగతి తేలిపోతుంది. ఫోటోలో నల్లగుడ్డు పై అంచును రెప్ప ఒకటి రెండు మిల్లీమీటర్లు కప్పి ఉంటుంది. ఇప్పుడేమో ఆ అంచు పైన తెల్లగుడ్డు కనిపిస్తుంది.

అప్పుడు నాకు వచ్చే మొదటి అనుమానం థైరాయిడ్ కంటి జబ్బు. రోగికి మాత్రం అది ఇంకోలా మొదలవుతుంది. కండ్లల్ల ఇసుక పోసినట్టుంటుంది, గాలి తగిలితే నీళ్లు కారతాయి, పొద్దున్నే రెప్పలు ఉబ్బుతాయి. దుమ్మనీ ఎలర్జీ అనీ మందుల షాపు చుక్కలతో నెలలు గడిచిపోతాయి. ఇంట్లో మాటలు మరో బాధ. "అత్త ముందల గుడ్లురుముతున్నవంటున్నరు సారూ, నేనేం జెయ్యాలె?" అని ఒక కోడలు అడిగింది. రెప్ప దిగకపోతే ఆమె మాత్రం ఏం చేస్తుంది? అత్తగారిని కూడా లోపలికి పిలిచి ఆ రెండు ముఖాలూ చూపించాను. మందులు ఆ తర్వాతే రాశాను.

శామీర్‌పేట పక్కన జీనోమ్ వ్యాలీలో టీకాలు తయారవుతాయి. శరీరం చేత యాంటీబాడీలు పుట్టించడమే టీకా పని. అలాంటి యాంటీబాడీలు శత్రువును వదిలి సొంత థైరాయిడ్ గ్రంథి మీద పడితే వచ్చేది గ్రేవ్స్ జబ్బు. డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ 1835లోనూ, జర్మనీలో బాసెడో 1840లోనూ దీని గురించి రాశారు. ఆ యాంటీబాడీలు గ్రంథి మీద వెతుక్కునే గుర్తు కంటి వెనక కణాల మీదా ఉంటుంది. అందుకే అక్కడి కొవ్వు పెరుగుతుంది, కండరాలు వాస్తాయి. కంటిగూడు ఎముక కాబట్టి సాగదు. గుడ్డు ముందుకు తోసుకొస్తుంది, లేదా వెనక చూపు నరం నలుగుతుంది.

"థైరాయిడ్ టెస్టు నార్మలే వచ్చింది సారూ" అంటే నేను ఊరుకోను. ఈ కంటి జబ్బు ఉన్నవాళ్లలో సుమారు 10 శాతం మందికి హార్మోను సరిగ్గానో తక్కువగానో ఉండగానే అది వస్తుంది.

కంటి ముందు పెన్ను పైనుంచి కిందికి మెల్లగా దించుతూ దాన్నే చూడమంటాను. ఈ జబ్బుంటే గుడ్డు దిగాక రెప్ప ఆలస్యంగా దిగుతుంది. తర్వాత ఎర్రమూత ఉన్న చుక్కల సీసాను ఒక్కో కంటికి విడిగా చూపిస్తాను. ఒక కంటికి ఎరుపు వెలిసినట్టుందంటే నాకు గుండె ఝల్లుమంటుంది. నరం మీద ఒత్తిడి పడుతుండవచ్చు.

ఈ జబ్బు ఆడవాళ్లకే ఎక్కువ. వస్తే మాత్రం మగవాళ్లకు తీవ్రంగా వస్తుంది, బీడీ సిగరెట్లు కాల్చేవాళ్లకు మరీను. "గొంతు జబ్బుకు బీడీ ఏం జేస్తది?" అనే పెద్దమనుషులతో నేను మొహమాటపడను. బీడీ మానకపోతే నా మందు సగమే పనిచేస్తుందని చెప్పేస్తాను.

తేలికపాటి జబ్బుకు ఆరు నెలల సెలీనియం మేలు చేస్తుందని 2011లో యూరప్ వైద్యులు చూపారు. ముదిరితే వారానికోసారి, పన్నెండు వారాలు స్టెరాయిడ్ సెలైన్ ఎక్కిస్తారు. 2020 జనవరిలో అమెరికా టెప్రొటుముమాబ్‌కు అనుమతిచ్చింది. మంచి మందే కానీ అక్కడ కోర్సు ఖర్చు లక్షల డాలర్లు, మన దగ్గర ఎవరికి అందుతుంది? ఆపరేషన్లు సాధారణంగా వాపు చల్లారాకే చేస్తారు, అదీ వరుసలో. ముందు కంటిగూడు, తర్వాత మెల్లకన్ను, చివర రెప్ప. రెప్పతో మొదలుపెట్టమని తొందరపెట్టకండి.

గొంతుకు రేడియో అయోడిన్ ఇస్తామంటే కళ్ల సంగతి ఆ డాక్టరుకు ముందే చెప్పండి, అది కంటి జబ్బును పెంచవచ్చు. ఒకటి రెండుగా కనిపిస్తే ఆ వారంలోనే చూపించుకోండి. రంగులు వెలిసినట్టున్నా, చూపు మసకబారినా మెహదీపట్నం సరోజినీదేవి ఆసుపత్రికో, బంజారాహిల్స్ ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రికో అదే రోజు వెళ్లండి.