కౌసల్య చేతిలో తాడు: ఒక పురిటి పాటను మళ్ళీ చదవడం

తెలుగునేలకు దూరంగా ఉండి తెలుగు చదువుకునే విద్యార్థులకు స్త్రీల పాటలు చెప్పేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. పాటల్లో ఉన్న వస్తువులు వాళ్ళ ఇళ్ళల్లో ఉండవు. దూలం ఉండదు, పురిటిగది ఉండదు, మంత్రసాని అన్న మాట కూడా విని ఉండరు. అందుకని మేము ఉపాధ్యాయులం వాటిని అలంకారమనో ఆచారమనో ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకు సాగిపోతాం. ఒక పాట విషయంలో నేను చాలా ఏళ్ళు అలాగే చేశాను. ఆ తప్పు దిద్దుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వెల్చేరు నారాయణరావు గారు తెలుగు స్త్రీల రామాయణపు పాటల మీద ఇంగ్లీషులో రాసిన ప్రసిద్ధ వ్యాసం ఒకటుంది. పౌలా రిచ్‌మన్ సంపాదకత్వంలో 1991 లో వెలువడిన 'మెనీ రామాయణాస్' సంపుటంలో అది ఉంది. అందులో ఆయన ఎత్తి చూపిన ఘట్టాల్లో కౌసల్య పురుడు ఒకటి. వాల్మీకి బాలకాండలో రామజననానికి తిథి ఉంది, నక్షత్రం ఉంది, ఉచ్చలో ఉన్న గ్రహాల లెక్క ఉంది. కన్నతల్లి పడిన నొప్పి మాత్రం లేదు. ఆడవాళ్ళు పాడుకున్న పాటలో గ్రహాల చోట మనుషులు కనిపిస్తారు. మంత్రసానికి కబురు పెడతారు. ఆమె హుందాగా వచ్చి కౌసల్య వీపు తట్టి, భయపడవద్దని, కాసేపట్లో కొడుకు పుడతాడని చెబుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు కౌసల్య ఒంటిమీది బరువైన నగలు తీసేస్తారు. దూలాలకు బంగారు తాళ్ళు, పట్టుతాళ్ళు వేలాడగట్టి ఆమెచేత పట్టిస్తారు. అప్పుడు కౌసల్య అమ్మను తలచుకుని, ఈ బాధ తనవల్ల కాదని, కాలం కదలడం లేదని వాపోతుంది.

తరగతిలో నేను ఈ తాళ్ళ దగ్గరికి వచ్చినప్పుడల్లా "రాజుగారి భార్య కాబట్టి బంగారు తాళ్ళు, ఇది జానపద అతిశయోక్తి" అని చెప్పి దాటేసేదాన్ని. నోట్సులో కూడా అలాగే రాయించాను.

బెళ్ళందూరులో మేముండే అపార్టుమెంటులో ఎదురింటి అమ్మాయికి తొలి కాన్పు. ఉద్యోగం వల్ల పుట్టింటికి వెళ్ళడం కుదరక, తల్లే ఒంగోలు నుంచి వచ్చి ఉంది. రాత్రి పదింటికి నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రికి ఫోను చేస్తే, అయిదేసి నిమిషాలకు ఒకటి చొప్పున వచ్చేదాకా ఇంటి దగ్గరే ఉండమన్నారు. అల్లుడు ఫోనులో నిమిషాలు లెక్క రాస్తున్నాడు. "వదినగారూ, కాస్త తోడుంటారా" అని ఆ తల్లి తలుపు కొడితే వెళ్ళాను. కూతుర్ని ఆమె పడుకోనివ్వలేదు. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడమంది. నడుం మీద అరచేత్తో గట్టిగా రుద్దుతూ, "వచ్చినప్పుడు పట్టుకో, పోయినప్పుడు వదిలెయ్యి, భయం లేదమ్మా" అంటోంది. గాజులు అప్పటికే తీసి బల్లమీద పెట్టారు. "ఇంకా ఎంతసేపమ్మా, రాత్రి అసలు గడవట్లేదు" అని ఆ పిల్ల ఏడుస్తోంది.

నేను పుస్తకంలో చదివిన పాట వరస తప్పకుండా నా ఎదుట జరుగుతోంది. దూలం లేదు, ఊచలున్నాయి. నేను అలంకారమని కొట్టిపారేసింది పనిముట్టు. బంగారమూ పట్టూ అలంకారమే; తాడు కాదు. స్త్రీల పాటలు చదివేటప్పుడు విశేషణాన్నీ పనినీ విడదీసి చూడాలని నాకు అప్పుడు తెలిసింది. విశేషణం కథానాయిక హోదాను బట్టి వస్తుంది. పని పాడేవాళ్ళ అనుభవంలోంచి వస్తుంది.

ఇక్కడ భాష కూడా సాక్ష్యం చెబుతుంది. తెలుగులో నొప్పి ఏకవచనంలో ఎక్కడైనా ఉండవచ్చు. కీళ్ళ నొప్పులు, ఒళ్ళు నొప్పులు అనాలంటే ముందొక మాట చేర్చాలి. నిండు నెలల మనిషి గురించి ఏ మాటా చేర్చకుండా "నొప్పులొచ్చాయి" అంటే అర్థం ఒక్కటే. ఈ బహువచనంలో ఒక ఎరుక ఉంది: ఇది ఒకే పొడుగాటి బాధ కాదు, వస్తుంది, పోతుంది, మధ్యలో విడుపు ఉంది. బెళ్ళందూరు పిల్లలు "పెయిన్స్ మొదలయ్యాయి" అంటారు. మాట ఇంగ్లీషుదైనా బహువచనం చెక్కుచెదరలేదు. ఆ తల్లి చెప్పిన పట్టుకోవడం, వదిలెయ్యడం ఈ బహువచనానికి వ్యాఖ్యానమే.

ఇంకో మాట చూడండి. ఇలాంటప్పుడు పెద్దవాళ్ళు సాధారణంగా "ఓర్చుకో" అంటారు. పాటలో మంత్రసాని చెప్పేది "భయపడకు" అని. ఓర్చుకో అన్నప్పుడు భారమంతా నొప్పి పడే మనిషిదే. భయపడకు అన్నప్పుడు చెప్పేవాళ్ళు కూడా కొంత పూచీ తీసుకుంటున్నారు. భయం వల్ల ఒళ్ళు బిగుసుకుంటుందని, బిగువు వల్ల నొప్పి పెరుగుతుందని ఇంగ్లండు వైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్ గత శతాబ్దంలో పుస్తకాలు రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 లో ప్రకటించిన ప్రసవ సంరక్షణ సూచనల్లో నచ్చిన మనిషిని తోడుంచడం, నిలబడి తిరగనివ్వడం, ఒళ్ళు మర్దన చేయడం, వేడి కాపడం పెట్టడం ఉన్నాయి. గర్భాశయద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకునేదాకా తొలి దశేనని, ఆ దశ ఎంతసేపన్నది మనిషి మనిషికీ చాలా తేడాగా ఉంటుందని కూడా అందులో ఉంది. కౌసల్య కాలం గురించి మొరపెట్టుకోవడం అతిశయోక్తి కాదన్నమాట.

అయితే పాటను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అందులో లోపాలున్నాయి. మంత్రసాని ధైర్యం చెబుతూ కొడుకునే వాగ్దానం చేస్తుంది. కూతురు పుడితే ఆ ధైర్యం ఏమవుతుందో పాటకు పట్టదు. కాన్పు తిరగబడడం, తల్లో బిడ్డో దక్కకపోవడం పాటలోకి రావు. ఎదురింట్లో మాత్రం ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా లెక్కలు మానేసి వెంటనే బయల్దేరాలని కారు తాళాలు గుమ్మం దగ్గరే పెట్టుకున్నారు. అన్నిటికంటే పెద్ద లోపం, మంత్రసానికి పేరు లేకపోవడం. నారాయణరావు గారు అగ్రవర్ణ స్త్రీల పాటలనూ ఇతర కులాల స్త్రీల పాటలనూ విడదీసి చూపారు. ఈ పాట మొదటి కోవలోది. మంత్రసాని హుందాగా వస్తుంది, పని చేస్తుంది. ఆమె ఇంట్లో ఆమె ఏం పాడుకుందో ఈ పాట చెప్పదు.

ఆ పేరు కోసం మన విద్యార్థులు దూరం పోనక్కర్లేదు. తెలుగు బాగా వినిపించే పావగడ తాలూకాకు చెందిన సూలగిత్తి నరసమ్మ గారు పదిహేను వేలకు పైగా కాన్పులు ఉచితంగా చేశారని ప్రసిద్ధి. ఆమెకు 2018 లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో బెంగుళూరులో కన్నుమూశారు. సూలగిత్తి అంటే కన్నడంలో మంత్రసాని. అందులోని 'సూల్', మన చూలు, చూలాలు మాటల్లోని 'చూల్' ఒకే ద్రావిడ ధాతువుకు చెందినవి. ఇక్కడి విద్యార్థులు రెండు భాషల మధ్య ఉండటం లోటనుకుంటారు. ఈ మాట దగ్గర అది లాభం.

తెల్లవారుజామున నాలుగింటికి నొప్పులు అయిదేసి నిమిషాలకు వచ్చాయి. వాళ్ళు ఆసుపత్రికి బయల్దేరారు. ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం. ఆ సోమవారం తరగతిలో పాత నోట్సు తీయించి, 'అతిశయోక్తి' అన్న మాట కొట్టివేయించాను. దాని చోట ఏం రాయాలో విద్యార్థులనే ఆలోచించమన్నాను. వచ్చే వారానికల్లా ఒక్కొక్కరూ ఇంట్లో అమ్మనో అమ్మమ్మనో ఒకే ప్రశ్న అడిగి రావాలి: నొప్పులప్పుడు నువ్వు ఏం పట్టుకున్నావు?