4.5 సజీవ చరిత్ర ప్రదర్శనలు: విమర్శనాత్మక పరిశీలన

వస్తువును అద్దాల పెట్టెలో ఉంచి చూపే మ్యూజియం పద్ధతి మీకు తెలుసు. సజీవ చరిత్ర ప్రదర్శన దీనికి భిన్నమైనది. ఇందులో ఆనాటి దుస్తులు ధరించిన వ్యక్తులు ఆనాటి పనులు చేసి చూపుతారు. కొన్నిచోట్ల సందర్శకుల చేత కూడా చేయిస్తారు. 1891లో స్టాక్‌హోంలో ఆర్టూర్ హజేలియస్ ప్రారంభించిన స్కాన్సెన్ ఆరుబయలు మ్యూజియం ఈ పద్ధతికి దారి చూపింది.

అమెరికాలోని విలియమ్స్‌బర్గ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఇది 1699 నుంచి 1780 వరకు వర్జీనియా రాజధాని. 1926లో జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ఆర్థిక సహాయంతో దీని పునరుద్ధరణ మొదలైంది. నేడు అక్కడ కమ్మరి కొలిమి, అచ్చుశాల పనిచేస్తూ కనిపిస్తాయి.

ఈ పద్ధతి మేలును ముందు గుర్తించాలి. ఒక మేకు తయారు కావడానికి ఇనుమును ఎంత కాల్చాలో, ఎన్ని దెబ్బలు వేయాలో పుస్తకం చెప్పగలదు. సుత్తి బరువును మాత్రం చెయ్యే తెలుసుకోవాలి.

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. సెలవురోజున సరదాగా సుత్తి పట్టినవారు అలసిపోతే దానిని కింద పెట్టవచ్చు. బానిసగా ఉన్న కమ్మరికి ఆ వీలు లేదు. పద్దెనిమిదవ శతాబ్దపు విలియమ్స్‌బర్గ్ జనాభాలో సుమారు సగం మంది నల్లజాతివారు. వారిలో అత్యధికులు బానిసలు. పునరుద్ధరణ మొదలైన తరువాత దాదాపు యాభై ఏళ్ల పాటు వారి జీవితానికి ప్రదర్శనలలో తగిన చోటు దొరకలేదు. భవనాలు, దుస్తులు సరిగ్గా ఉన్నంత మాత్రాన చరిత్ర సరిగ్గా ఉన్నట్లు కాదని దీనివల్ల గ్రహించవచ్చు.

1994 అక్టోబరు 10న అక్కడ బానిసల వేలాన్ని నటించి చూపారు. ఇది పూర్వికుల బాధను వినోదంగా మారుస్తుందని పౌరహక్కుల సంఘాల వారు నిరసన తెలిపారు. నిరసనకు వచ్చినవారిలో ఒకరు ప్రదర్శన చూశాక తన అభిప్రాయం మార్చుకున్నారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయినా, చూపకుండా దాచడం కంటే, జాగ్రత్తగా చూపి, తరువాత ప్రేక్షకులతో చర్చించడమే మేలని చెప్పవచ్చు. మౌనం వల్ల మేలు జరిగేది యజమానులకే కదా!

ఇప్పుడు మీకు దగ్గరి స్థలానికి రండి. గోల్కొండలో కింది ప్రవేశద్వారం వద్ద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ వద్ద వినిపిస్తుంది. ప్రతి సందర్శకుడూ చప్పట్లు కొట్టి సంతోషిస్తాడు. ఆ రాళ్లు మోసినవారు ఎవరు, వారికి దక్కిన కూలి ఎంత అని అడిగేవారు తక్కువ.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ప్రాంతంలోని ఒక చారిత్రక స్థలాన్ని ఎంచుకోండి. అక్కడ ఎవరి కథ చెబుతున్నారు? ఎవరి శ్రమను వదిలేస్తున్నారు? పది వాక్యాలలో రాయండి.